వీపంత బొమ్మ, ఏళ్లు గడిచాక

వీపు నిండా డ్రాగన్, భుజం నుంచి మణికట్టు దాకా పూలూ అలలూ, తొడ చుట్టూ పులి. ఇంత పెద్ద పచ్చబొట్టు వేయించుకుంటానని ఎవరైనా అనగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: "రేపు ముసలితనం వచ్చి ఒళ్లు ముడతలు పడ్డాక అదెలా ఉంటుందో ఆలోచించావా?" ఆ అడగడం సబబే. జవాబు దగ్గరికి వచ్చేసరికే తలో మాటా అంటారు.

సూది పట్టి బతికే కళాకారుల్లో చాలామంది, బొమ్మ ఎంత పెద్దదైతే అంత బాగా నిలుస్తుందనీ, ముందు చెదిరిపోయేవి చిన్న బొమ్మలేననీ చెబుతారు. చర్మవైద్యులు వేరే లెక్క చూపిస్తారు. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ఒంట్లోకి వెళ్లే రంగు పెరుగుతుంది, పుట్టుమచ్చలు దాని చాటున దాక్కుంటాయి, వద్దనుకున్నప్పుడు చెరిపించడం తలకు మించిన పనవుతుంది అంటారు. సన్నని గీతలతో ఫొటోను పోలిన బొమ్మలు వేసే కొత్త తరం, ఇప్పటి సూదులూ సిరాలూ చాలా మెరుగయ్యాయి కాబట్టి పాత భయాలు వదిలేయమంటుంది. ఎప్పుడో కుర్రతనంలో వేయించుకున్నవాళ్లలో కొందరు మసకబారిన బొమ్మను చూసి నొచ్చుకుంటారు. మరికొందరు "నాతోపాటే దానికీ వయసొచ్చింది, తప్పేముంది?" అని తేలిగ్గా తీసుకుంటారు.

వీళ్లలో ఎవరి మాటా పూర్తిగా కొట్టేయదగ్గది కాదు. ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే మాత్రం చర్మం లోపలికి వెళ్లి చూడాలి. సిరా ఎక్కడ ఆగుతుంది, అక్కడ దాన్ని ఎవరు పట్టి ఉంచుతారు, ఏళ్ల తరబడి దానికి ఏమవుతుంది? ఈ మూడూ తెలిస్తే పెద్ద బొమ్మల మీది వాదన చాలావరకు ఒక కొలిక్కి వస్తుంది.

సూది ఎంత లోతుకు దిగుతుంది

చర్మం పై పొరను బాహ్యచర్మం అంటాం. దాని అడుగున కణాలు పుడుతూ ఉంటాయి. అవి మెల్లగా పైకి జరిగి, చదునై, చచ్చి, రాలిపోతాయి. యవ్వనంలో ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు మళ్లాక ఇంకొంచెం ఎక్కువ. చేతికి పెట్టుకున్న గోరింటాకు కొద్ది వారాల్లో వెలిసిపోవడానికి కారణం ఇదే. ఆకులోని లాసోన్ అనే రంగు ఈ రాలిపోయే పొరకే అంటుకుంటుంది.

పచ్చబొట్టు సూది ఈ పొరను దాటుకుని ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉన్న అంతశ్చర్మంలోకి దిగుతుంది. కొల్లాజెన్ పోగుల అల్లిక, సన్నని రక్తనాళాలు, నరాల కొసలు అక్కడ ఉంటాయి. ఇది రాలిపోయే పొర కాదు. అందుకే అక్కడ చేరిన రంగు బతికినంతకాలం ఉంటుంది. పైపైన పొడిస్తే నెల తిరిగేసరికి గీత మాయమవుతుంది. మరీ లోతుగా పొడిస్తే సిరా కింది కొవ్వు పొరలోకి జారి, గీత చుట్టూ నీలి మసక పాకుతుంది. కనురెప్ప మీది చర్మానికీ వీపు మీది చర్మానికీ మందంలో చాలా తేడా ఉంది కాబట్టి ఒళ్లంతటికీ ఒకే లోతు పనికిరాదు. పెద్ద బొమ్మ వేసేవాడు భుజం మీది నుంచి మోచేతి మడతలోకి వచ్చేసరికి చెయ్యి తేలిక చేయాలి, పక్కటెముకల మీద ఇంకా తేలిక చేయాలి. ఆ నేర్పు ఉందో లేదో వేసిన రోజున తెలియదు, ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

పూర్వం ఇదంతా చేతి పనే. జపాన్‌లో పుల్లకు వరసగా కట్టిన సూదులతో గుచ్చే పద్ధతిని తెబోరి అంటారు. సమోవా దీవుల్లో నడుము నుంచి మోకాళ్ల దాకా మగవాళ్లు వేయించుకునే పెఆ అనే బొమ్మను, పళ్లున్న పనిముట్టును చర్మం మీద ఆనించి కర్రతో తడుతూ వేస్తారు. మన దగ్గర ఎరుకల స్త్రీలు సూదులతో పొడిచేవారు. యంత్రం 1891లో వచ్చింది. ఎడిసన్ 1876 నాటి విద్యుత్ కలాన్ని ఆధారం చేసుకుని న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ అనే పనివాడు దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి యంత్రాల్లో సూది సెకనుకు వంద సార్లకు అటూ ఇటూగా చర్మంలోకి దిగి పైకి వస్తుంది.

ఈ గుచ్చుళ్లతో లోపలికి వెళ్లే రంగు ఎంతో జర్మన్ పరిశోధకులు కొలిచారు. చదరపు సెంటీమీటరుకు సగటున 2.5 మిల్లీగ్రాములని తేలింది. వీపు మీద 30 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవున ఖాళీ లేకుండా రంగు నింపితే లెక్క నాలుగు గ్రాముల దగ్గరికి చేరుతుంది. వైద్యులు పెద్ద బొమ్మల గురించి విడిగా మాట్లాడటానికి ఈ లెక్క ఒక కారణం.

సిరాను పట్టి ఉంచే కణాలు

లోపలికి వచ్చిన రంగు రేణువును శరీరం పరాయి వస్తువుగానే చూస్తుంది. గాయం అయిన చోటికి భక్షక కణాలు వస్తాయి. వాటినే మాక్రోఫేజులు అంటారు. సూక్ష్మజీవిని మింగినట్టే అవి రంగు రేణువునూ మింగుతాయి. సూక్ష్మజీవి అయితే కణం లోపలి రసాయనాలకు కరిగిపోతుంది. మసి రేణువు కరగదు. దాన్ని కడుపులో పెట్టుకునే కణం అక్కడే ఉండిపోతుంది. మనం చర్మం మీద చూసే గీతలో ఎక్కువ భాగం ఇలా రంగుతో నిండిన కణాలే.

చాలాకాలం శాస్త్రజ్ఞులు ఈ కణాలు మనిషితోపాటు జీవితాంతం బతుకుతాయి కాబట్టే పచ్చబొట్టు నిలుస్తుందని అనుకున్నారు. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సేయ్ నగరంలో సాండ్రిన్ ఆంరీ, బెర్నార్ మాలిసెన్ బృందం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. ఎలుకల తోక మీద ఆకుపచ్చ సిరాతో పచ్చబొట్టు వేశారు. ఆ ఎలుకల్లోని భక్షక కణాలను డిఫ్తీరియా విషంతో చంపేందుకు వీలుగా వాటి జన్యువుల్లో ముందే మార్పు చేసి ఉంచారు. విషం ఇవ్వగానే రంగు పట్టుకుని ఉన్న కణాలన్నీ చచ్చిపోయాయి. పాత నమ్మకం ప్రకారం ఆకుపచ్చ గీత చెరిగిపోవాలి. అది చెక్కుచెదరలేదు.

చచ్చిన కణం తన లోపలి రంగును వదిలేసింది. రేణువులు కాసేపు కణాల మధ్య ఖాళీలో ఉన్నాయి. ఈలోగా రక్తంలోంచి వచ్చిన కొత్త భక్షక కణాలు వాటిని ఉన్నచోటే మళ్లీ మింగాయి. పచ్చబొట్టు నిలిచి ఉండటమంటే ఒక తరం కణాల నుంచి ఇంకో తరానికి రంగు చేతులు మారుతూ ఉండటమన్నమాట. చర్మంలో ఏ రంగు రేణువుకూ శాశ్వత యజమాని లేడు. నిలిచేది బొమ్మ, మోసేవాళ్లు మారుతూ ఉంటారు.

పెద్ద బొమ్మలు ఎలా ముదురుతాయన్న ప్రశ్నకు తాళంచెవి ఇక్కడ ఉంది. ప్రతి మార్పిడిలోనూ కొన్ని రేణువులు కొద్దిగా పక్కకు జరుగుతాయి. మరికొన్ని, ముఖ్యంగా మరీ సన్నని రేణువులు, లింఫు నాళాల్లోకి జారి చంకలోనో గజ్జలోనో ఉన్న లింఫు గ్రంథులకు చేరతాయి. 2017లో జర్మన్ శాస్త్రజ్ఞులు గ్రెనోబుల్‌లోని సింక్రొట్రాన్ ఎక్స్‌రే కిరణాలతో మృతుల చర్మాన్నీ లింఫు గ్రంథులనూ పరీక్షించి, పచ్చబొట్టులోని టైటానియం డైఆక్సైడ్ నానోరేణువులను గ్రంథుల్లో కనిపెట్టారు. పక్కకు జరగడం వల్ల గీత లావెక్కుతుంది. లింఫులోకి పోవడం వల్ల రంగు పలచబడుతుంది. బొమ్మ ముదరడమంటే మొదటగా ఈ రెండే.

లావెక్కే గీతా, దాని పక్కన ఖాళీ

2011లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇయన్ ఈమ్స్ అనే శాస్త్రవేత్త ఈ పాకుడును గణిత సమీకరణాల్లో పెట్టి చూశాడు. ద్రవాల్లో రేణువులు ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టే పద్ధతినే చర్మానికీ వాడాడు. ముందు పోయేవి చిన్న వివరాలు, లావుపాటి గీతలకు నష్టం తక్కువ అని ఆయన లెక్క చెప్పింది. వేసిన కొత్తలో ఎంతో ముచ్చటగా ఉండే సన్నని నగిషీ పదిహేనేళ్ల ప్రాంతానికి స్పష్టత కోల్పోతుందని ఆయన అంచనా. అమెరికన్ నావికులకు బొమ్మలు వేసిన పాతకాలపు పనివాళ్లు, గీత లావుగా ఉంటేనే నిలుస్తుందని ఒక సూత్రంలా చెప్పుకునేవారు. ఆ అనుభవానికి ఈ లెక్క ఆధారం చూపించింది.

వాకిట్లో చుక్కల ముగ్గు వేసే ఆడవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సరిపడా ఉంటే, గాలికి పిండి కాస్త చెదిరినా పద్మం పద్మంలాగే కనిపిస్తుంది. ఇరికించి వేస్తే సాయంత్రానికి తెల్లని మరక మిగులుతుంది. చర్మంలోనూ అంతే. పచ్చబొట్టు గీత ఏళ్ల మీద అటూ ఇటూ కొద్దిగా పాకడం ఖాయం. ఆ పాకుడుకు కావలసిన చోటు పక్కనే ముందుగా వదిలారా లేదా అన్నదే లెక్క.

దీన్నిబట్టి చూస్తే పెద్ద బొమ్మే మేలన్న కళాకారుల వాదనకు అసలు కారణం దొరుకుతుంది. అరచేతిలో పట్టే చోట ఒక ముఖం వేస్తే కళ్లు, కనురెప్పలు, ముక్కుపుటాలు అన్నీ మిల్లీమీటర్ల దూరంలో ఇరుక్కుంటాయి. అదే ముఖాన్ని వీపంత వేస్తే కంటికీ రెప్పకీ మధ్య వేలి మందం చోటు దొరుకుతుంది. పాకే దూరం రెండింటికీ దాదాపు ఒకటే. చిన్న బొమ్మలో అది కన్నును కప్పేస్తుంది, పెద్దదానిలో లెక్కలోకి రాదు.

కానీ వీపంత చోటు తీసుకుని దాన్ని వేలకొద్దీ సన్నని గీతలతో, అరమిల్లీమీటరు వివరాలతో నింపితే ఈ లాభం పోతుంది. అలాంటి బొమ్మ ఒకేచోట పేర్చిన వంద చిన్న బొమ్మలతో సమానం. అందుకని పెద్దదా చిన్నదా అని అడిగే బదులు, వివరానికీ వివరానికీ మధ్య ఎంత ఎడం ఉందని అడగాలి. ఈ అధ్యాయంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

ఎండా, రంగూ, మన ఒంటి ఛాయా

రంగులన్నీ ఒకేలా ముదరవు. నలుపు సాధారణంగా మసి, అంటే కర్బనం. రసాయనికంగా అది చాలా మొండిది. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్సీ అనే మనిషి సుమారు 5,300 ఏళ్ల కిందటివాడు. అతని ఒంటి మీద 61 పచ్చబొట్టు గుర్తులు లెక్క తేలాయి. అన్నీ మసితో వేసిన గీతలూ అడ్డగీతలూ. అవి ఈనాటికీ కనిపిస్తున్నాయి.

ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో చాలావాటిని అజో వర్ణకాలనే సేంద్రియ పదార్థాలతో తయారు చేస్తారు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు వీటి అణువులను విరగ్గొడతాయి. 2010లో జర్మన్ శాస్త్రజ్ఞులు ఎలుకల చర్మంలోకి ఒక ఎర్ర వర్ణకాన్ని ఎక్కించి ఆరు వారాల తర్వాత కొలిచారు. మూడింట ఒక వంతు దాకా మాయమైంది. కృత్రిమంగా ఎండ తగిలించిన ఎలుకల్లో పోయినది ఇంకా ఎక్కువ. అలా విరిగిన అణువుల్లో కొన్ని ఆరోగ్యానికి మంచివి కావన్న అనుమానంతోనే యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి పచ్చబొట్టు సిరాల్లో వేల రసాయనాలకు పరిమితులు విధించింది.

మనలాంటి చామనఛాయ, నలుపు ఒళ్లకు ఇంకో సంగతి ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ బాహ్యచర్మంలో ఉంటుంది, సిరా దాని కింద ఉంటుంది. బొమ్మను మనం ఎప్పుడూ మెలనిన్ పొర గుండానే చూస్తాం. లేత పసుపు, తెలుపు, లేత గులాబీ ఆ పొర చాటున కలిసిపోతాయి. నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు నిలబడతాయి. యూరోపియన్ చర్మం మీద తీసిన ఫొటోలోని రంగులు మన భుజం మీదికి రావాలని కోరుకుంటే ఆశాభంగం తప్పదు. అది మన చర్మం లోపం కాదు, ఎంచుకున్న రంగుల పొరపాటు.

నల్లటి మసితో వేసినా గీత కాలంతోపాటు నీలి ఆకుపచ్చగా కనిపించడానికి కారణం వెలుతురు. చర్మంలోకి దిగిన కాంతిలో ఎర్రని భాగం లోతుకు పోయి మసిలో ఇంకిపోతుంది. నీలి భాగం దారిలోనే చెల్లాచెదురై మన కంటికి తిరిగి వస్తుంది. పసిపిల్లల నడుము కింద పుట్టుకతో కనిపించే నీలి మచ్చ కూడా ఇలాగే కనిపిస్తుంది. అక్కడ లోతున ఉన్నదీ మెలనినే.

చర్మానికి కూడా వయసొస్తుంది

ఇప్పటిదాకా సిరా సంగతి. దాన్ని పట్టి ఉంచే నేల కూడా మారుతూ ఉంటుంది. యవ్వనం దాటినప్పటి నుంచి అంతశ్చర్మంలో కొల్లాజెన్ ఏటా సుమారు ఒక శాతం చొప్పున తరుగుతుందని ఒక అంచనా. చర్మం పలచబడుతుంది, సాగుతుంది, ముడతలు పడుతుంది. ఎండ ఈ పనిని ఎన్నో రెట్లు వేగంగా చేయిస్తుంది.

అయితే ఒళ్లంతా ఒకే వేగంతో ముదరదు. పై వీపు, తొడల వెలుపలి భాగం, పిక్కలు చాలాకాలం బిగువు నిలుపుకుంటాయి. పొట్ట, మోచేతి పైన లోపలి కండ, రొమ్ముల దగ్గర చర్మం బరువు పెరిగి తగ్గినప్పుడల్లా సాగి వదులవుతుంది. కాన్పుల్లో పొట్ట మీద పడే చారలు కొల్లాజెన్ పోగులు తెగిన గుర్తులు. వాటి మీదుగా పోయే గీత కూడా అక్కడ తెగుతుంది. వేళ్లు, అరచేతులు, అరికాళ్ల మీద వేసినవి ఏళ్లు కూడా ఆగకుండా వెలిసిపోతాయి.

దీనికి తోడు, వేసిన బొమ్మ ఏమిటన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చర్మం ఒక పక్కకు సాగి, వృత్తం కోలగా మారితే కన్ను ఇట్టే పట్టేస్తుంది. తిన్నని గీత వంకరపోయినా, ఎరిగిన ముఖంలో ఒక కన్ను కిందికి జారినా అంతే. అదే సాగుడు అలల మీద, ఆకుల మీద, మేఘాల మీద, చేప పొలుసుల మీద పడితే ఎవరికీ తెలియదు. వాటికి ఇదే సరైన ఆకారం అన్న కొలత మన మనసులో లేదు.

జపాన్ వీపులు నేర్పే పాఠం

ఒంటి నిండా బొమ్మలు వేయడంలో జపాన్‌కున్న అనుభవం మరెక్కడా లేదు. ఈదో అని పిలిచే పాత యుగంలో అగ్నిమాపక దళాలవాళ్లు, కూలి పనివాళ్లు వీపు, భుజాలు, తొడలు కలిపి ఒకే చిత్రంగా వేయించుకునేవారు. 1827 ప్రాంతంలో ఉతగావా కునియోషి అనే చిత్రకారుడు చైనా వీరగాథ సుయ్‌కోదెన్ యోధులను ఒళ్లంతా పచ్చబొట్లతో అచ్చుబొమ్మలుగా వేసి విడుదల చేశాక ఆ మోజు రెట్టింపైంది. 1872లో మెయిజీ ప్రభుత్వం పచ్చబొట్లను నిషేధించింది. ఆ నిషేధం 1948లో ఎత్తేశారు. ఫుకుషి మసాయిచి అనే వ్యాధి విజ్ఞాన నిపుణుడు ఇలాంటి బొమ్మలున్న చర్మాలను, వాటి యజమానులు చనిపోయాక సేకరించి భద్రపరిచాడు. ఆ సేకరణ టోక్యో విశ్వవిద్యాలయం వైద్య మ్యూజియంలో ఉంది.

ఈ సంప్రదాయంలో పని ఎలా సాగుతుందో గమనించండి. మొదట సుజిబోరి, అంటే నల్లని లావుపాటి హద్దుగీతలు. తర్వాత బొకాషి, అంటే నలుపు నుంచి బూడిదకు దిగే నీడలు. డ్రాగనో, కోయి చేపో, పెద్ద పువ్వో మధ్యలో ఉంటుంది. చుట్టూ గాలీ నీళ్లూ మేఘాలూ నల్లని నేపథ్యంగా పరుచుకుంటాయి. రంగులు కొద్ది, నలుపు ఎక్కువ, ఆకారాలు పెద్దవి. అలలు భుజం వంపు వెంట తిరుగుతాయి, డ్రాగన్ మెలిక వెన్నెముక వెంట సాగుతుంది. పని ముగియడానికి ఏళ్లు పడుతుంది. బొమ్మ మెడ కిందా మణికట్టు పైనా ఆగిపోతుంది. రొమ్ము మధ్య నిలువునా ఒక ఖాళీ పట్టీ వదిలేవారు, ముందుభాగం తెరుచుకునే కోటు తొడిగినా పచ్చబొట్టు బయటపడకుండా. అంటే ఆ బొమ్మ జీవితమంతా బట్టల చాటునే ఉంటుంది, ఎండ దానికి తగలదు.

ఇందాక మనం చూసిన కారణాలన్నీ ఇక్కడ ఒక్కచోట కలిశాయి. లావు గీత పాకుడును ఓర్చుకుంది. నల్ల మసి వెలుగును ఓర్చుకుంది. అలలూ మేఘాలూ చర్మం సాగుడును దాచాయి. బట్ట ఎండను ఆపింది. భక్షక కణాల పేరు కూడా వినని పనివాళ్లు, ముసలి వీపులను తరతరాలుగా చూసి చూసి ఈ నియమాలకు చేరుకున్నారు. పెద్ద పచ్చబొట్టు బాగా ముదురుతుందని చెప్పేవాళ్లు చూపించే ఉదాహరణలు చాలావరకు ఇలాంటివే. వాటిని చూసి, ఏ నియమమూ పాటించని పెద్ద బొమ్మ కూడా అలాగే నిలుస్తుందని అనుకోకూడదు.

మన ముంజేతులు

మన ఊళ్లలో డెబ్భై దాటిన అవ్వల ముంజేతులు చూడండి. తులసికోట, దీపం, తేలు, పేరు, చుక్కల వరస. భూతద్దం పెట్టి చూస్తే ఒక్క గీతకూ అంచు తెగినట్టు ఉండదు. నలుపు మెల్లగా నీలంగా, నీలం మెల్లగా ఒంటి రంగుగా మారిపోతుంది. దగ్గరదగ్గరగా పెట్టిన చుక్కలు కలిసి చిన్న గీతలయ్యాయి. తులసికోట మెట్ల మధ్య ఖాళీ పూడిపోయింది. విడిగా నుదుటి మీద పెట్టిన ఒంటి చుక్క మాత్రం కాస్త పెద్దదైనా గుండ్రంగానే ఉంది. చిన్నతనంలో వేయించుకున్న చెయ్యి పెరిగే కొద్దీ బొమ్మా పెరిగింది. ఆపైన యాభై అరవై ఏళ్ల పొలం ఎండ. ఇంత జరిగినా ఆ మసి గీత చెరగలేదు.

పెద్ద బొమ్మల సంప్రదాయం మన పక్కనే ఉంది. మధ్యప్రదేశ్‌లోని మండ్లా, డిండోరీ ప్రాంతాల బైగా స్త్రీలకు చిన్నప్పుడే నుదుటి మీద మొదటి గుర్తు పడుతుంది. పెద్దయ్యే కొద్దీ వీపు, చేతులు, తొడలు, కాళ్ల మీద వరసలు వరసలుగా గీతలు చేరతాయి. వెరియర్ ఎల్విన్ 1939లో బైగాల మీద రాసిన గ్రంథంలో వీటి గురించి చెప్పాడు. బైగా నమూనాల్లో ముఖాలూ నీడలూ ఉండవు. గీత, చుక్క, మధ్యలో ఖాళీ, మళ్లీ గీత. తెలంగాణ పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో, 19వ శతాబ్దం చివర గుడి ప్రవేశానికి నోచుకోని దళితుల్లోంచి పుట్టిన రామ్‌నామీ సమాజం వాళ్లు రాముడి పేరునే ఒంటి మీద పొడిపించుకున్నారు. కొందరు నుదుటి నుంచి పాదం దాకా పొడిపించుకున్నారు. గుడిలోకి రానివ్వకపోతే దేవుడి పేరు ఒంట్లోనే ఉంటుందన్న ఆత్మగౌరవం అది. ఇప్పటి యువతరంలో ఒళ్లంతా వేయించుకునేవాళ్లు దాదాపు లేరు.

ఈ స్త్రీపురుషుల దగ్గర నిలబడి "మసకబారింది కదా, అందం పోయింది కదా" అంటే ఆ ప్రశ్నకు అర్థమే ఉండదు. వాళ్లు గీత పదును కోసం వేయించుకోలేదు. ఎవరమో చెప్పుకోవడానికి వేయించుకున్నారు. అది ఇంకా చెబుతూనే ఉంది. బొమ్మ ముదిరి చెడిందా లేదా అన్నది అది దేనికోసం వేశారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. చర్మవైద్యం తేల్చలేని భాగం ఇది, దీన్ని వేయించుకున్న మనిషికే వదిలేయాలి.

వైద్యుల మాట ఎంతవరకు

ఆరోగ్యం విషయం అలా వదిలేసేది కాదు. సూదులు మార్చకుండా ఒకరి తర్వాత ఒకరికి పొడిస్తే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి అంటుకునే ప్రమాదం ఉంది. జాతరల్లో, తిరునాళ్లలో వేయించుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎరుపు సిరాకు దురద, దద్దుర్లు, గడ్డలు రావడం మిగతా రంగులకంటే ఎక్కువ. ఒక్కోసారి అవి ఏళ్ల తర్వాత మొదలవుతాయి. బొమ్మ పెద్దదైతే అలాంటి చర్మం విస్తీర్ణమూ పెద్దదే.

క్యాన్సర్ మాటకొస్తే, పరిమాణం దగ్గర పరిశోధకుల ఫలితాలే ఒకదానితో ఒకటి కలవడం లేదు. 2024లో స్వీడన్‌లో సుమారు 12 వేల మందితో చేసిన అధ్యయనంలో పచ్చబొట్టు ఉన్నవాళ్లలో లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు 21 శాతం ఎక్కువ కనిపించింది. కానీ బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. 2025లో డెన్మార్క్ కవలల మీద వెలువడిన అధ్యయనంలో మాత్రం అరచేతికంటే పెద్ద బొమ్మలున్నవాళ్లలో ముప్పు ఎక్కువగా తేలింది. ఇలాంటి అధ్యయనాలు రెండు విషయాలు కలిసి ఉన్నాయని చూపిస్తాయి, ఒకటి రెండోదానికి కారణమని రుజువు చేయవు. భయపడి పరుగెత్తాల్సిన పని లేదు, కొట్టిపారేయాల్సిన పనీ లేదు.

ఇప్పుడే ఖాయంగా చెప్పగలిగిన జాగ్రత్త పుట్టుమచ్చల గురించి. మచ్చ అంచు మారుతోందా, రంగు మారుతోందా అని చూసే వైద్యుడికి నల్లటి నేపథ్యం అడ్డం. కాబట్టి పెద్ద బొమ్మలో ప్రతి పుట్టుమచ్చ చుట్టూ ఖాళీ వదిలించాలి. శస్త్రచికిత్స చేసేవాళ్లకు పచ్చబొట్టు ఉన్న సంగతి చెప్పాలి. సిరా చేరి నల్లబడిన లింఫు గ్రంథి, క్యాన్సర్ పాకిన గ్రంథిలా కనిపించే అవకాశం ఉంది.

చెరిపించడం గురించి ఆశలు అదుపులో ఉండాలి. 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికన్ వైద్యులు ప్రతిపాదించిన సూత్రం మీద నేటి లేజర్లు పనిచేస్తాయి. క్షణంలో కోట్లో వంతు, కొన్నిట్లో అంతకన్నా తక్కువ సేపు వెలిగే కాంతి రంగు రేణువును మాత్రమే వేడెక్కించి ముక్కలు చేస్తుంది. ముక్కలను లింఫు తీసుకుపోవాలి. తీసుకుపోలేనివాటిని కొత్త భక్షక కణాలు మళ్లీ మింగేస్తాయి. అందుకే వారాల విరామంతో ఎన్నోసార్లు వెళ్లాలి. నలుపు బాగా లొంగుతుంది, పసుపూ తెలుపూ మొండికేస్తాయి. టైటానియం డైఆక్సైడ్ కలిసిన తెలుపు లేజర్ తగిలి నల్లబడటం కూడా ఉంది. మన ఛాయ చర్మంలో మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. వేలంత బొమ్మకు ఇది ఓపికతో అయ్యే పని. వీపంత బొమ్మకు ఏళ్ల పని, లక్షల ఖర్చు, పూర్తిగా పోతుందన్న హామీ లేదు.

వేయించుకునే ముందు

పెద్ద బొమ్మ మంచిదా చెడ్డదా అన్న తగాదాలో ఎవరి పక్షమూ పూర్తిగా గెలవదు. పెద్ద చోటు వివరానికి ఊపిరినిస్తుందన్న కళాకారుడు నిజమే చెబుతున్నాడు, ఆ చోటును ఖాళీగా వదలగలిగితే. ఎక్కువ చోటు ఎక్కువ బాధ్యతన్న వైద్యుడూ నిజమే చెబుతున్నాడు. కొత్త సూదులతో గీత సన్నగా వస్తుందన్నది నిజం. కొత్త సూది కణాల అలవాటును మాత్రం మార్చలేదు.

అందుకని వేయించుకోవాలనుకునే యువతీయువకులకు నా సలహా ఇది. ఆ కళాకారుడు నిన్న వేసిన బొమ్మల ఫొటోలు చూసి మురిసిపోకండి. పదేళ్ల కిందట వేసినవి ఇప్పుడెలా ఉన్నాయో చూపించమని అడగండి, మీ ఒంటి రంగువాళ్ల మీద వేసినవే అడగండి. చూపించలేకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. గీతల మధ్య ఎడం ఉందా, నలుపు సరిపడా ఉందా, బొమ్మ పొట్ట మీదికి పోతోందా వీపు మీదికి పోతోందా చూసుకోండి. మానిన తర్వాత ఎండలోకి వెళ్లే ప్రతిసారీ బట్టతోనో సన్‌స్క్రీన్‌తోనో కప్పండి. బొమ్మను కాపాడటానికి మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క రోజువారీ పని అది.

ఇంట్లో పెద్దవాళ్లకూ ఒక మాట. ముసలితనంలో ఎలా ఉంటుందన్న మీ ప్రశ్న చాలా మంచిది. దాన్ని నోరు మూయించడానికి వాడకండి. పిల్లలతో కూర్చుని బొమ్మను చూసి, ఈ గీత ఎంత లావు, ఈ ఖాళీ చాలుతుందా, ఈ రంగు మన ఒంటి మీద ఆగుతుందా అని అడగండి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పిల్లలు తొందరపడి నిర్ణయం తీసుకుంటున్నారని అనలేం. చెప్పలేనివాళ్లకు ఇంకా ఆలోచించుకోవడానికి సమయం ఉంది, ఆ సమయం తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.